ఎమర్జెన్సీ విభాగాల్లో డిజిటల్ రోగచరిత్ర సాధనాలు: వాటిని పరీక్షించవలసిన తీరు

ఆసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టరు మంచం దగ్గరికి వచ్చేలోపు రోగితోనో, వెంట వచ్చినవారితోనో ట్యాబ్ మీద జవాబులు చెప్పించి, వాటిని ఒక పేజీకి కుదించి డాక్టరు చేతికి అందించే సాఫ్ట్‌వేరును డిజిటల్ రోగచరిత్ర సాధనం అంటున్నారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, షుగరు, బీపీ ఉన్నాయా, ఏ మాత్రలు వాడుతున్నారు, ఏ మందైనా పడదా? డాక్టర్లు హిస్టరీ అనేది ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులనే. అచ్చువేసిన ఫారంలో అందరికీ ఒకే ప్రశ్నలుంటాయి. ఇందులో ఒక జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, ఛాతీనొప్పి అన్నవారికి వేసే ప్రశ్నలు కడుపునొప్పి అన్నవారికి కనబడవు. ఇలాంటి సాధనాలను ఇప్పటిదాకా ఎక్కువగా రెండు విషయాల్లో పరీక్షించారు: యంత్రం సరిగా అడగగలదా, రోగి విసుక్కోకుండా చెప్పగలడా. రెండింటికీ చాలావరకు అనుకూలమైన జవాబులే వచ్చాయి. ఎమర్జెన్సీ తలుపు దాటి లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరినీ, ట్యాబ్ ముట్టలేనివారితో సహా, లెక్కలోకి తీసుకున్నప్పుడు డాక్టరు చేసే పని మారిందా, రోగికి మేలు జరిగిందా అన్న మూడో ప్రశ్న మీద మాత్రం శ్రద్ధ తక్కువ. ఈ మూడోదాన్ని తేల్చని పరీక్ష సాఫ్ట్‌వేరుకు ప్రచారంగా పనికొస్తుంది గానీ, ఆసుపత్రి దాన్ని కొనడానికి ఆధారం కాదు.

ఆ మూడో ప్రశ్న ఎంత బరువైనదో ఆరాంఘర్ చౌరస్తా దగ్గర నిలబడి ఆలోచిస్తే తెలుస్తుంది. బెంగళూరు జాతీయ రహదారి హైదరాబాదులోకి వచ్చేది ఈ దారినే. మెహిదీపట్నంలో ఎక్కితే 11 కిలోమీటర్లకు పైగా సాగే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరు నుంచి ఇక్కడే నేలకు దిగుతోంది. జూపార్కు వైపునుంచి వచ్చే నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవరు 2025 జనవరిలో తెరుచుకుంది. దక్షిణాన శంషాబాదు, 2008 మార్చిలో మొదలైన అంతర్జాతీయ విమానాశ్రయం. తూర్పున మైలార్‌దేవుపల్లి, కాటేదాన్ పారిశ్రామికవాడ. మహబూబ్‌నగర్, కర్నూలు వైపునుంచి ఉస్మానియా ఆసుపత్రికో నిమ్స్‌కో బయల్దేరిన అంబులెన్సు మామూలుగా ఈ కూడలి దాటే వెళుతుంది. ఈ చుట్టుపక్కల ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీ తలుపు తెరిచినా హైవే ప్రమాదంలో స్పృహ తప్పినవాడు, ఫ్యాక్టరీ మిషనులో వేలు నలిగిన ఒడియా కూలీ, దక్కనీ ఉర్దూ తప్ప మరోటి రాని పాతబస్తీ ముసలమ్మ, తండా నుంచి కోడలిని వెంటబెట్టుకొచ్చిన లంబాడా అవ్వ, విమానం దిగగానే ఛాతీ పట్టేసిన ప్రవాసి అందరూ ఒకే వరుసలో ఉంటారు. వీరిలో ట్యాబ్ మీద తీరిగ్గా జవాబులివ్వగలిగేది బహుశా ఆ చివరివాడొక్కడే. పరీక్షలో అతణ్ని మాత్రమే లెక్కించి సాధనం బాగా పనిచేసిందని రాస్తే అబద్ధం కాదు. కానీ ఆ నిజం ఈ ఆసుపత్రికి పనికిరాదు.

అయినా ఈ సాధనాల వెనకున్న ఆలోచనను కొట్టిపారేయలేం. రోగి చెప్పేది శ్రద్ధగా వింటే చాలావరకు జబ్బు అక్కడే బయటపడుతుందన్నది పెద్ద డాక్టర్లు ఎప్పటినుంచో చెప్పే మాట, దానికి కొలతలూ ఉన్నాయి. 1975లో బ్రిటన్‌లో హ్యాంప్టన్ బృందం మెడికల్ ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని గమనించింది. వారిలో 66 మందికి, రెఫరల్ ఉత్తరం చదివి హిస్టరీ విన్న తర్వాత అనుకున్న జబ్బే చివరికీ నిలబడింది. దేహపరీక్ష, ల్యాబు పరీక్షలు తీర్పు మార్చినవి మిగిలిన కొద్దిమంది విషయంలోనే. అది ఓపీ, ఎమర్జెన్సీ కాదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి. ఈ పని కంప్యూటరుకు అప్పగించవచ్చన్నది కూడా కొత్త ఊహ కాదు. 1966లోనే అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వార్నర్ స్లాక్ అనే డాక్టరు ఎలర్జీ రోగుల హిస్టరీని కంప్యూటరుతో అడిగించి, ఫలితాలను వైద్యపత్రికలో ప్రచురించారు. యంత్రంతో మాట్లాడటానికి రోగులు జంకలేదు సరికదా, కొన్ని విషయాలు దానికే ధైర్యంగా చెప్పారని తర్వాతి పరిశోధనలు చూపాయి. 1977లో గ్లాస్గోలో మద్యపాన సమస్యలున్న రోగులు, సైకియాట్రిస్టుకు చెప్పినదానికన్నా సుమారు 30 శాతం ఎక్కువ తాగుతున్నట్టు కంప్యూటరుకు ఒప్పుకున్నారు.

ఈ రంగంలో అందరూ మళ్లీ మళ్లీ చదవవలసిన కథ మాత్రం ఇంగ్లండులోని లీడ్స్‌ది. అక్కడ డి డోంబల్ అనే సర్జన్ హఠాత్తుగా వచ్చే కడుపునొప్పి కేసుల కోసం ఒక కంప్యూటరు పద్ధతి తయారుచేశారు. డాక్టరు ఒక నిర్ణీత ఫారం ప్రకారం అడిగి, చూసి, వివరాలు నింపితే కంప్యూటరు సంభావ్యతలు లెక్కగట్టేది. 1972లో వెలువడిన ఫలితం ప్రకారం 304 మంది రోగుల్లో కంప్యూటరు 91.8 శాతం సార్లు సరైన జబ్బు చెబితే, బృందంలోని సీనియర్ డాక్టరు 79.6 శాతం సార్లు చెప్పారు. వైద్యలోకం ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఎనిమిది ఆసుపత్రులలో 16,737 మంది మీద నడిపిన అధ్యయనం 1986లో వచ్చింది. మొదటి అంచనా సరిగ్గా ఉన్నవి 45.6 శాతం నుంచి 65.3 శాతానికి పెరిగాయి. అనవసరంగా కడుపు కోసిన సందర్భాలు దాదాపు సగానికి తగ్గాయి. అపెండిక్స్ చిట్లాక గాని దొరకని కేసులు 23.7 శాతం నుంచి 11.5 శాతానికి దిగాయి. యంత్రం గెలిచిందనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కావలసింది ఉంది. ఆ అధ్యయనం ‘ముందు, తర్వాత’ అన్న పోలిక మీద నిలబడింది. తర్వాతి కాలంలో ఆసుపత్రుల్లోకి కంప్యూటరు ఒక్కటే రాలేదు, పద్ధతిగా అడిగించే ఫారం వచ్చింది, జూనియర్లకు వారి తప్పొప్పులు ఎప్పటికప్పుడు చెప్పే ఏర్పాటూ వచ్చింది. ఏది ఎంత మేలు చేసిందో విడదీస్తే గాని తెలియదు. గణాంకవేత్త డేవిడ్ స్పీగల్‌హాల్టర్ భాగస్వామిగా 1992లో లండన్ నుంచి వచ్చిన మరో పరిశీలన ఆ పనే చేసింది. ఫారం ఒక్కటి ఇచ్చినా జూనియర్ డాక్టర్ల అంచనా మెరుగుపడిందని, దానిమీద కంప్యూటరు జోడించిన మేలు స్వల్పమేనని తేలింది. అంటే గొప్పతనం లెక్కగట్టిన యంత్రంలో కన్నా, ఏ ప్రశ్ననూ వదలకుండా అడిగించిన క్రమశిక్షణలో ఉంది. ఈ వ్యాసం వాదమంతా ఇక్కడినుంచే బయల్దేరుతుంది. ట్యాబ్‌ను మామూలు పద్ధతితో పోల్చి మెరుగని చెప్పడం సులువు, ఎందుకంటే రద్దీవేళ హౌస్ సర్జన్ కేస్‌షీట్ మీద గీకే రెండు వరుసల హిస్టరీ కన్నా ఏదైనా మెరుగే. తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి స్టాఫ్ నర్సు చేతికిచ్చిన ఒక పేజీ ఫారంతో పోల్చినా ట్యాబ్ మెరుగనిపించుకుంటేనే దాని ఖరీదుకు అర్థం. డిజిటల్ సాధనాల పరీక్షల్లో ఇలా కాగితపు ఫారం వాడే పోలిక జట్టు తరచూ కనబడకపోవడం యాదృచ్ఛికమని అనుకోలేను.

ఈ కాలపు పరీక్షల్లో నిజాయితీగా నడిచినవి లేకపోలేదు. స్టాక్‌హోం దగ్గరి డాండెరిడ్ ఆసుపత్రి ఎమర్జెన్సీలో 2017 అక్టోబరులో మొదలైన అధ్యయనం వాటిలో ఒకటి. డేవిడ్ జాకిమ్ రూపొందించిన క్లియోస్ అనే ప్రోగ్రాం, ఛాతీనొప్పితో వచ్చి నిలకడగా ఉన్న రోగులను, వారు ఎలాగూ వేచివుండే సమయంలోనే ట్యాబ్ మీద ప్రశ్నిస్తుంది. నెదర్లాండ్స్‌లో పుట్టిన హార్ట్ స్కోరులాంటి ప్రమాద సూచీలు లెక్కగట్టాలంటే హిస్టరీ, ఈసీజీ, వయసు, ముప్పు పెంచే అంశాలు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష ఐదూ కావాలి. వీటిలో రోగి చెప్పవలసిన వివరాలు ఆసుపత్రి రికార్డులో తరచూ అసంపూర్ణంగా ఉంటే, రోగి స్వయంగా నింపిన చరిత్రలో ఎక్కువగా పూర్తిగా దొరికాయి. ఇది మంచి ఫలితమే. కానీ దీని హద్దు దీనికుంది: ట్యాబ్ మీది భాష రావాలి, రోగి నిలకడగా ఉండాలి, చూపు, తెలివి సరిగా ఉండాలి. అలా వడగట్టగా మిగిలినవారికి సంబంధించిన నిజం ఇది. స్వీడన్‌లో ఆ వడపోతలో జారిపోయేవారు కొందరే కావచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత 66 శాతం దగ్గరే ఉన్న తెలంగాణలో, అందులోనూ వయసు మీరినవారు ఎక్కువగా వచ్చే ఎమర్జెన్సీలో, జారిపోయేవారే సగం కావచ్చు. రికార్డులో ఖాళీలు నిండటం వేరు, ఆ నిండిన పేజీ చదివి డాక్టరు వేరే నిర్ణయం తీసుకోవడం వేరు. మొదటిది చూపి రెండోది జరిగినట్టు భావించడం ఈ రంగానికి పాత జబ్బు.

పెద్ద భాషా నమూనాలు వచ్చాక ఈ గొడవంతా తీరిపోయిందనేవారున్నారు. మనిషి ఎలా మాట్లాడితే అలా విని, తానే అడిగి, తానే రాస్తుంది కదా, ఇక ఫారాలెందుకు అని వారి వాదన. దీనికి గట్టి జవాబు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో వెల్లడించిన ప్రయోగంలో ఉంది. కల్పిత వైద్య సందర్భాలను నేరుగా నమూనాలకిస్తే సంబంధిత జబ్బును 94.9 శాతం సార్లు గుర్తించాయి. అవే సందర్భాలను 1,298 మంది మామూలు జనానికిచ్చి, వారిలో కొందరిని నమూనాతో మాట్లాడి తేల్చుకోమంటే, ఆ కొందరిలో సరైన జబ్బు చేరుకున్నది 34.5 శాతం లోపే. నమూనా సాయం లేనివారికన్నా వీరు మెరుగ్గా ఏమీ లేరు. ఏం చెప్పాలో మనిషికి తెలియలేదు, చెప్పినదాంట్లో లోటేమిటో యంత్రం పట్టుకోలేదు. అంతకు పదేళ్ల ముందు, 2015లో, 23 లక్షణ పరిశీలన యాప్‌లను కాగితం మీది 45 కేసులతో పరీక్షిస్తే మొదటి పేరుగా సరైన జబ్బు 34 శాతం సార్లే వచ్చింది. ఈ పదేళ్లలో కాగితం కేసుల మీద యంత్రం ఎంతో ముందుకు వెళ్లింది, మనిషి చేతిలో పెట్టినప్పుడు కాదు. కాబట్టి యంత్రాన్ని విడిగా పరీక్షించి సంతోషపడితే కుదరదు. ఎమర్జెన్సీ వెలుతురులో, ఆ చప్పుడులో, ఆ భయంలో ఉన్న మనిషితో కలిపి పరీక్షించాలి.

తెలుగు నేల ఈ విషయంలో అనుభవం లేనిది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవలో, ఫోనెత్తిన మనిషి అడిగే ప్రశ్నల నుంచి అంబులెన్సులో టెక్నీషియన్ రాసుకునే వివరాల దాకా హిస్టరీ ఆసుపత్రి గేటు బయటే మొదలవుతుంది. 2007లో వచ్చిన 104 హెల్ప్‌లైన్ ఇంకో అడుగు ముందుకేసి, తెర మీద వరుసగా వచ్చే ప్రశ్నలను అడుగుతూ సలహా చెప్పే పద్ధతిని ఊరూరికీ పరిచయం చేసింది. అన్నిటికన్నా విలువైన పాఠం పశ్చిమ గోదావరి జిల్లాది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ అక్కడ 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో స్మార్ట్‌హెల్త్ పేరుతో ప్రయోగం నడిపింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ మీద ప్రశ్నలడిగి, బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు లెక్కగట్టి, ముప్పున్నవారిని డాక్టరు దగ్గరికి పంపేవారు. కేంద్రాలను విడతలవారీగా, లాటరీ క్రమంలో పథకంలోకి తెచ్చారు కాబట్టి పోలిక గట్టిది. 2019లో ఫలితాలొచ్చాయి. ఆశాలు ట్యాబ్ వాడటం నేర్చుకోగలిగారు, పని నడిచింది. కానీ బీపీ అదుపులోకి వచ్చినవారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రశ్నలడిగే చోటు బాగుపడినంతలో మాత్రలు దొరికే చోటు బాగుపడదు. పశ్చిమ గోదావరి ఫలితాన్ని వైఫల్యంగా చూసేవారితో నేను ఏకీభవించను. రోగికి ఏమయిందన్నదాకా వెళ్లి కొలిచి, వచ్చినదాన్ని వచ్చినట్టు అచ్చేశారు. ఎమర్జెన్సీ సాధనాలకూ ఇదే కొలబద్ద వర్తించాలి.

భాష సంగతి పైపైన వదిలేసేది కాదు, ప్రాణానికి సంబంధించినది. గుండెపోటుతో వచ్చినవారిలో చాలామంది మన దగ్గర ‘గ్యాస్ పట్టేసింది’ అనే మొదలుపెడతారు. ట్యాబ్ మీద గ్యాస్ అన్న గడి ఉంటే దాన్నే నొక్కుతారు, సారాంశంలో అదే మొదటి వరుస అవుతుంది, అలసిన డ్యూటీ డాక్టరు కన్ను దాని మీదే ఆగుతుంది. కాబట్టి రోగి చెప్పిన జబ్బు పేరును కాక, ఎక్కడ, ఎలా, ఎంతసేపు అన్న అనుభూతిని రాబట్టేలా ప్రశ్న ఉండాలి. ఆయాసాన్ని దమ్మనీ, తల తిరగడాన్ని చక్కర్ అనీ చెప్పుకునే చోట కోస్తా పుస్తకభాషలో ప్రశ్నలు పెడితే సగం జవాబులు తప్పుతాయి. ‘మందు తాగాడు’ అన్న ఒక్క మాటకు సారా అనీ, పురుగులమందు అనీ రెండు అర్థాలున్న ఊళ్లలో, ఆ తేడా అడగని సాధనాన్ని పొలాల పక్కనున్న ఆసుపత్రిలో పెట్టకూడదు. లంబాడీకి సొంత లిపి లేదు కనుక రాత ప్రశ్న ఎలాగూ పనికిరాదు, గొంతుతో అడిగించాలి. కానీ వినిపించే ప్రశ్న పక్క మంచానికీ వినిపిస్తుంది. గ్లాస్గోలో రోగి యంత్రానికి నిజం చెప్పింది ఒంటరిగా కూర్చుని. మన ఎమర్జెన్సీలో ట్యాబ్ పట్టుకునేది తరచూ కొడుకో, మరిదో, మేస్త్రీయో. నెల తప్పిందా, ఎవరైనా కొట్టారా, ఏమైనా మింగావా అన్న ప్రశ్నలకు వారి చేతిమీదుగా వచ్చే జవాబు ఎవరిదో చెప్పలేం. కాబట్టి జవాబు నొక్కింది ఎవరో ప్రతిచోటా నమోదు కావాలి, రోగి చెప్పినవీ అటెండెంట్ చెప్పినవీ ఫలితాల్లో విడివిడిగా చూపాలి.

ఎమర్జెన్సీలో ఇంత తీరిక ఎక్కడిదన్నది సహజంగా వచ్చే అభ్యంతరం. కొంత నిజమే. రక్తం కారుతున్నవాడికి, ఊపిరాడనివాడికి ట్యాబ్ చూపడం నేరం. ఛాతీనొప్పి అన్నవారికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్న నియమాన్ని ఏ ప్రశ్నావళీ వెనక్కి నెట్టకూడదు. ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ప్రాణాపాయంలో ఉన్నవారిని ముందు ఆదుకోవాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ప్రశ్నలు పూర్తయ్యాకే లోపలికి అనే ఏర్పాటు ఆ తీర్పుకు విరుద్ధం కూడా. కాబట్టి ఈ సాధనం స్థానం, వచ్చినవారి తీవ్రతను అంచనావేసే ట్రయాజ్ నర్సు చూసిన తర్వాతే, ఆమెకు బదులుగా కాదు. ఆ హద్దు పాటిస్తే మాత్రం తీరిక లేదన్న వాదన నిలవదు. ఎమర్జెన్సీకి వచ్చేవారిలో పెద్ద భాగం గోడకానుకుని గంటలతరబడి వేచివుండేవారే, ఆ గంటలు ఇప్పుడు ఎవరికీ పనికిరాకుండా పోతున్నాయి. రోగితో డాక్టరు మాట తెగిపోతుందని ఇంకో అభ్యంతరం. తెగుతుందో, ‘ఏమైంది’ అని మొదటినుంచి అడిగే బదులు ‘నిన్న రాత్రి కూడా వచ్చిందన్నారు, అప్పుడు ఏం చేస్తున్నారు’ అని లోతుగా అడిగే వీలు కలుగుతుందో వాదనతో తేలదు. సంభాషణలను గమనించి కొలవవచ్చు, కొలవాలి. సారాంశం చదివిన డాక్టరు తాను స్వయంగా అడగడం మానేస్తున్నాడేమో కూడా అక్కడే బయటపడుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే.

అలాంటి పరీక్ష ఎలా ఉండాలి? ఒకే ఎమర్జెన్సీలో వారాలను లాటరీ వేసి మూడు రకాలుగా పంచవచ్చు: మామూలు పద్ధతి, అచ్చు ఫారం, ట్యాబ్. ఒక్కొక్క రోగిని పంచితే ఒకే డాక్టరు ఒకచోట నేర్చుకున్న ప్రశ్న ఇంకోచోట అడిగేస్తాడు, పోలిక చెడుతుంది. అడ్మిషన్ రిజిస్టరులోకి ఎక్కిన ప్రతి పేరూ లెక్కలో ఉండాలి. ట్యాబ్ వారంలో ట్యాబ్ వాడలేకపోయినవారిని కూడా ట్యాబ్ వైపే లెక్కించాలి, ఎందుకు వాడలేకపోయారో రాయాలి. జబ్బు ఏమిటన్నది చివర్లో, ఏ వారమో తెలియని డాక్టర్ల బృందం తేల్చాలి. పరీక్ష నడుస్తున్న నెలల్లో సాఫ్ట్‌వేరు మార్చకూడదు. కంపెనీ మధ్యలో కొత్త వెర్షన్ పంపితే అది వేరే సాధనం కిందే లెక్క. 2007లో ఏర్పడిన జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేసి, ఏం కొలుస్తారో అక్కడ రాసిపెడితే, తర్వాత అనుకూలమైన అంకె వెతుక్కునే వీలుండదు. కృత్రిమ మేధ వాడే సాధనాలైతే భారత వైద్య పరిశోధన మండలి 2023లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు వర్తిస్తాయి, అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని ఏ సాధనమైనా దృష్టిలో పెట్టుకోవాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ నొక్కితే అది నిజమైన సమ్మతి అవుతుందా అన్నది ఎథిక్స్ కమిటీ తేల్చవలసిన చిక్కు. నొప్పి తగ్గాక మళ్లీ అడగడం ఒక దారి.

ఆరాంఘర్ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. పొరపాటున ఇంటికి పంపేసిన కేసులను పట్టుకోవడానికి ఇలాంటి అధ్యయనాలు సాధారణంగా మూడు రోజుల్లో తిరిగొచ్చినవారిని లెక్కిస్తాయి. ఇక్కడి రోగులు తిరిగి ఇక్కడికే రారు. కర్నూలు బస్సు ప్రయాణికుడికి మళ్లీ నొప్పి వస్తే కర్నూలు పెద్దాసుపత్రికి వెళతాడు, ఒడియా కూలీ గంజాం రైలెక్కుతాడు, ప్రవాసి దుబాయిలోనో డాలస్‌లోనో డాక్టరును కలుస్తాడు. ఆసుపత్రి రికార్డుల్లో వీళ్లంతా నయమై వెళ్లినవారిగానే మిగిలిపోతారు, సాధనం వారిని తప్పుగా అంచనా వేసినా సరే. అందుకని ఇంటికి పంపిన ప్రతి ఒక్కరికీ ముప్పయ్యో రోజున ఫోను చేసి, వారి భాషలోనే, ఎక్కడ చూపించుకున్నారు, అక్కడ ఏమన్నారు అని అడిగే మనుషుల జీతాలు పరీక్ష బడ్జెట్‌లో మొదటినుంచే ఉండాలి. ట్యాబ్‌ల ఖర్చు కన్నా ఆ పద్దే ఎక్కువ తేలినా ఆశ్చర్యం లేదు. ఫోను దొరకనివారి సంఖ్యను మూడు జట్లకూ విడివిడిగా ప్రకటించాలి.